హెడ్‌ఫోన్ ప్యాడ్లు మారిస్తే ధ్వని మారుతుందా?

ప్రశ్న: నా సోనీ ఎండీఆర్-7506 హెడ్‌ఫోన్ ప్యాడ్ల పైపొర పొలుసులుగా రాలి చెంపలకు అంటుకుంటోంది, గంట దాటితే చెవులు నొప్పి పెడుతున్నాయి. వెల్వెట్ ప్యాడ్లు వేస్తే హాయితో పాటు ధ్వని కూడా మెరుగవుతుందా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: 1991లో మార్కెట్లోకి వచ్చి, నేటికీ స్టూడియోల్లో కనిపించే ఈ హెడ్‌ఫోన్‌లో కృత్రిమ తోలు రాలడం మామూలే. పాత ప్యాడ్ వేలితో లాగితే ఊడి వస్తుంది. కొత్తదాని అంచును గాడిలోకి చుట్టూ కొద్దికొద్దిగా ఎక్కించాలి, జిగురు అక్కర్లేదు.

వెల్వెట్ విషయంలో మాత్రం తొందరపడకండి. వెనుక భాగం మూసి ఉండే హెడ్‌ఫోన్లలో బేస్ (మంద్ర స్వరాలు) వినిపించాలంటే చెవి చుట్టూ గాలి బయటికి పోకుండా ఉండాలి. వెల్వెట్ గుండా గాలి పోతుంది కనుక చెమట తగ్గినా బేస్ కూడా తగ్గి, అసలే పదునుగా ఉండే పై స్వరాలు మరింత గుచ్చుకుంటాయి. కళ్లద్దాల కాడలు కూడా ఇలాంటి సందునే వదులుతాయి. అందుకే కాస్త మందమైన, మెత్తని తోలు ప్యాడ్లు మేలని నా అభిప్రాయం; అయితే మందం పెరిగితే డ్రైవర్ (ధ్వనిని పుట్టించే చిన్న స్పీకర్) చెవికి దూరమై ధ్వని కొంత మారుతుంది. చెవులను నొక్కే బిగువు తగ్గాలంటే తలకన్నా కొంచెమే వెడల్పైన పుస్తకాల దొంతరకు రాత్రంతా తొడిగి ఉంచండి.

హెడ్‌ఫోన్ చెవి కప్పు విప్పి దూది కుక్కే సలహాలూ వినిపిస్తుంటాయి. లోపలి వెనుక గోడకు పలుచని ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని గుడ్డ) ముక్క అతికిస్తే ప్రతిధ్వని కొంత తగ్గవచ్చు గానీ, డ్రైవర్ వెనుక రంధ్రాలు మూసుకుపోతే బేస్ తీరే మారిపోతుంది, సన్నని తీగలు తెగే ప్రమాదమూ ఉంది. దానికన్నా ముందు ఈక్వలైజర్‌లో (ఒక్కో స్థాయి స్వరాలను విడిగా పెంచి, తగ్గించే సాధనం) పై స్వరాలుండే 8–10 కిలోహెర్ట్జ్ ప్రాంతాన్ని కొద్దిగా తగ్గించి వినండి.