స్టూడియోల అండ లేకుండా జాన్ సేల్స్ సినిమాలకు డబ్బు ఎక్కడిది?

అమెరికన్ ఇండిపెండెంట్ దర్శకుడు జాన్ సేల్స్ ముఖ్యంగా ఇతరుల సినిమాలకు స్క్రిప్టులు రాసి, ఆ డబ్బును తన సినిమాల్లో పెట్టేవాడు. స్టూడియో పెట్టుబడి పెడితే ఫైనల్ కట్ (ఎడిటింగ్ అయ్యాక విడుదలయ్యే తుది రూపం) మీద మాట కూడా దాదాపు దానిదే. తన సినిమాలను చాలావరకు తానే ఎడిట్ చేసుకునే సేల్స్‌కు అది పడదు. 1978లో తక్కువ బడ్జెట్ సినిమాల నిర్మాత రోజర్ కోర్మన్ సంస్థకు మనుషుల్ని పీక్కుతినే చేపల కథ ‘పిరానా’ రాశాడు. అలాంటి రాతపనితో కూడబెట్టిన సొమ్ముతోనే, స్టార్లెవరూ లేకుండా, పాత స్నేహితులు ఓ వారాంతం కలుసుకునే ‘రిటర్న్ ఆఫ్ ది సెకాకస్ సెవెన్’ తీశాడు. చేపలకు రుణపడిన సినిమా అన్నమాట!

ఇండిపెండెంట్ అంటే హాలీవుడ్ గడప తొక్కనివాడని చాలామంది అనుకుంటారు. కానీ 1983 నాటి ‘బేబీ ఇట్స్ యూ’ హాలీవుడ్ స్టూడియో పారామౌంట్‌తోనే చేశాడు, ఎడిటింగ్ దగ్గర గొడవా పడ్డాడు. ఆ తర్వాత కూడా స్టూడియోలకు స్క్రిప్టులు రాయడం మాత్రం మానలేదు.