ఇదంతా కల కాదని నిరూపించలేకపోతే మనకేమీ తెలియనట్టేనా? రాబర్ట్ నోజిక్ ఏమన్నాడు?

తెలియనట్టు కాదు, కల కాదని నిరూపించలేకపోయినా ఎదురుగా ఉన్న మామూలు విషయాలు మనకు నిజంగానే తెలుస్తాయని అమెరికన్ తత్వవేత్త రాబర్ట్ నోజిక్ వాదించాడు. జ్ఞానాన్నీ స్వేచ్ఛా సంకల్పాన్నీ లోతుగా చర్చించిన ఆయన పుస్తకం ‘ఫిలసాఫికల్ ఎక్స్‌ప్లనేషన్స్’ 1981లో వచ్చింది.

ఆయన లెక్కలో, నమ్మినది నిజమైతే సరిపోదు. ఆ నమ్మకం నిజం వెంటే నడవాలి. అంటే, ఆ విషయం అబద్ధమై ఉంటే మనం దాన్ని నమ్మి ఉండకూడదు. పరిస్థితి కాస్త మారినా అది నిజంగానే ఉంటే, నమ్మకం కూడా నిలవాలి.

పాపకు జ్వరం ఉందేమోనని టెన్షన్‌తో థర్మామీటర్ పెట్టారనుకోండి. 98.6 చూపించింది. నిజంగానే జ్వరం లేదు. కానీ ఆ థర్మామీటర్ చెడిపోయి ఎప్పుడూ ఆ అంకె దగ్గరే ఉంటోంది. ఒళ్లు 102తో కాలిపోతున్నా మీరు అదే అంకె చూసి, జ్వరం లేదనే నమ్మేవారు. అందుకే మీ నమ్మకం నిజమే అయినా, మీకు తెలిసినట్టు కాదు. సరిగ్గా పనిచేసే థర్మామీటర్ అయితే తెలిసినట్టే.

మనకేదీ నిజంగా తెలియదనే సంశయవాదిని నోజిక్ పూర్తిగా ఓడించాడనుకుంటే పొరపాటే. నిజానికి, ఇదంతా కల కాదన్న సంగతి మనకు తెలియదని ఆయనే ఒప్పుకున్నాడు. కలలో ఉన్నా, కల కాదనే నమ్ముతాం కదా! ఆయన వదులుకున్నది వేరే సూత్రాన్ని: ఒకటి తెలిస్తే, దాని నుంచి తప్పనిసరిగా వచ్చేదని మనం గుర్తించినదల్లా తెలిసి తీరుతుందన్న సూత్రాన్ని. ఆ సూత్రం ప్రకారం, ఎదురుగా ఉన్నది తెలిస్తే ఇదంతా కల కాదనీ తెలిసి తీరాలి. దాన్ని వదులుకున్నాడు కాబట్టే, మొదటిది తెలుసు, రెండోది తెలియదు అనగలిగాడు. ఎంతోమంది తత్వవేత్తలకు మింగుడుపడనిదీ, నా దృష్టిలో ఆ వాదనలో అన్నిటికన్నా సాహసమైనదీ ఈ అడుగే.