ఆర్చి సంగతి తర్వాత, ముందు కాలువ

ప్రశ్న: మాస్టారూ, విజయనగరంలో రింగురోడ్డు దాటాక మా లేఅవుటు. వేసి ముప్ఫయ్యేళ్లయింది. అరవై ఇళ్లు, పద్నాలుగు ఖాళీ స్థలాలు. వానొస్తే కాలువ పొంగి నీళ్లు గుమ్మాల్లోకి వస్తాయి. ఖాళీ జాగాల్లో తుప్పలు, పాములు. సంఘం పెట్టుకుందామని కొందరంటున్నారు. గేటూ, ఆర్చీ, వాచ్‌మనూ కూడా కావాలట. ఎదురింటి పెద్దాయనేమో ‘ఇన్నాళ్లూ సంఘం లేకపోతే బతకలేదేటి?’ అంటున్నారు. రిజిస్ట్రేషన్ తప్పనిసరా? చందా కట్టనివాళ్లని ఏం చెయ్యగలం? దసరాకి మీటింగు పెట్టాలనుకుంటున్నాం.
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: అమ్మా, మీ ఎదురింటి పెద్దాయన్ని వదులుకోకండి. అలాంటాయన మా వీధిలోనూ ఒకరుండేవారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, నలుగురం కలిసి అద్దెకి జనరేటరు తెచ్చాం. ఇంటికి అరగంట చొప్పున మోటార్లు వేసి ట్యాంకులు నింపుకున్నాం. మనిషికి రెండొందలు. ‘సంఘం గింఘం వద్దు’ అన్న ఆయనే ఇంటింటికీ కేబులు లాగారు, డీజిలు లెక్క రాశారు. ఆ అరవై పేజీల నోటు పుస్తకమే మా సంఘానికి మొదటి లెక్కల పుస్తకం. రిజిస్ట్రేషన్ రెండేళ్ల తర్వాత మాట.

నేను రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. అయినా చెప్తున్నా, కాయితంతో మొదలెట్టకండి. నలుగురు కలిసి అర్జీ ఇవ్వడానికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. కాలువ గురించి అరవై ఇళ్లవాళ్లూ సంతకాలు చేసి, ఫొటోలు జతచేసి వార్డు సచివాలయంలో ఇవ్వండి. కదలకపోతే సోమవారం కలెక్టరేటులో గ్రీవెన్సుకి పట్టుకెళ్లండి. రసీదు మాత్రం మర్చిపోకండి. తుప్పలు కొట్టించమని స్థలాల వాళ్లకి నోటీసులివ్వాలని కూడా అందులోనే రాయండి.

డబ్బు చేతులు మారడం మొదలయ్యాక మాత్రం రిజిస్టరు చేసుకోండి. బ్యాంకు ఖాతా సంఘం పేరున ఉండాలి గాని సెక్రటరీ గారి పేరున కాదు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు చాలు. ఏడుగురూ ఒకే వీధివాళ్లు కాకుండా చూసుకోండి, లేకపోతే రెండో వీధి అలుగుతుంది. మెమొరాండమూ (సంఘం పేరూ, ఉద్దేశాలూ), బైలాలూ (సంఘం నడిచే నియమాలు) రాసుకుని జిల్లా రిజిస్ట్రారుకి దాఖలు చెయ్యాలి. చెక్కు మీద ఇద్దరి సంతకం, పదవికి రెండేళ్ల గడువు, ఏటా లెక్కల తనిఖీ బైలాల్లో రాయండి. సర్వసభ్య సమావేశం అయ్యాక కమిటీ జాబితా ఏటా రిజిస్ట్రారుకి పంపాలి. నా సర్వీసులో చూశాను, చాలా సంఘాలు మొదటి ఏడు ఆర్భాటంగా వచ్చి, రెండో ఏడు ఆ జాబితా దగ్గరే ఆగిపోయేవి.

సంఘంలో చేరకుండా, చందా కట్టనివాళ్లని ఏమీ చెయ్యలేరు. కొత్త ప్రాజెక్టుల్లో కొనేటప్పుడే సంఘంలో చేరాలని అగ్రిమెంటులో రాయించుకుంటారు. మీ దస్తావేజుల్లో అలాంటి మాటే ఉండదు. చేరినవాళ్లకే బైలా వర్తిస్తుంది. చేరనివాళ్ల నీళ్లు ఆపడం, దారి ఆపడం తలపెట్టకండి, మీరే కోర్టులో నిలబడతారు.

గేటు మాటకొస్తే, అనుమతి ఉన్న లేఅవుటులో రోడ్లూ, పార్కు జాగా స్థానిక సంస్థకి దఖలు పడి ఉంటాయి. మీ లేఅవుటు ప్లాను కాపీ తీయించి చూసుకోండి. అవి కార్పొరేషనువైతే గేటు పెట్టడానికి మీకు హక్కులేదు. వాచ్‌మన్‌ని పెట్టుకోవచ్చు. ఆర్చి అంటారా, దాని మీద ఎవరి పేరు ముందుండాలో తేల్చుకోలేక మా పక్క కాలనీలో రెండు వర్గాలయ్యాయి. ఆర్చి ఇంకా లేవలేదు.

ఇక మీటింగు తేదీ. దసరా రోజు వద్దు. మీ పద్నాలుగు స్థలాల వాళ్లూ విశాఖలోనో, హైదరాబాదులోనో ఉంటారు కదా. పైడితల్లమ్మ సిరిమాను జాతరకి చాలామంది ఊరొస్తారు. అది దసరా వెళ్లిన మంగళవారం. మర్నాడు బుధవారం పొద్దున్నే, వాళ్లు బస్సెక్కకముందే, పెద్దాయన గారి అరుగు మీద పెట్టండి. లెక్కల పుస్తకం ఆయన చేతికే ఇవ్వండి.