వైండింగ్ నష్టాల మీద ఎంటెక్ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మిర్యాలగూడలో ముప్పై ఏళ్లుగా మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. బీటెక్ ఈఈఈ పూర్తి చేసిన మా అమ్మాయి గేట్ రాసి, హై ఫ్రీక్వెన్సీ ట్రాన్స్‌ఫార్మర్ల వైండింగ్ నష్టాలపై, అంటే చుట్టిన తీగలో వేడిగా వృథా అయ్యే కరెంటుపై, ఎంటెక్ చేస్తానంటోంది. డేటా సైన్స్ నేర్చిన మా పక్కింటి అబ్బాయికి మంచి జీతం వస్తోంది. ఏది మేలు?

జవాబు: మీరు అడిగింది పోలిక గానీ, మీ బెంగ వేరు. వార్నిష్ వాసన మధ్య, మాడిన తీగలు పీకుతూ గడిచిన బతుకు బిడ్డకు వద్దని మీరు అనుకుంటున్నారు. ఆ కోరికలో తప్పు లేదు. అయితే ఆ భయంలో ఆమె చెప్పిన మాటను మీరు పూర్తిగా వినలేదు.

మీరు చుట్టే బోరు మోటారు 50 హెర్ట్జ్ కరెంటుది. అక్కడ రాగిలో స్కిన్ డెప్త్, అంటే తీగ పైపొర నుంచి కరెంటు ప్రధానంగా పారే లోతు, సుమారు 9 మిల్లీమీటర్లు కనుక, మీ తీగలో కరెంటు నిండుగా పారుతుంది. ఎలక్ట్రిక్ కారు చార్జర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ 100 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తే ఆ లోతు 0.2 మిల్లీమీటర్లకు పడిపోతుంది. 2 మిల్లీమీటర్ల తీగ వేస్తే నడిమి రాగి దాదాపు వృథా. పైగా పక్క పొరల అయస్కాంత క్షేత్రం కరెంటును ఒక అంచుకు నెడుతుంది కాబట్టి, లావు తీగ వేస్తే వేడి తగ్గుతుందన్న మీ అనుభవం అక్కడ తలకిందులు కావచ్చు. అందుకే ఎనామిల్ పూసిన సన్నని పోగులను పేనిన లిట్జ్ తీగ వాడతారు. 1966లో డోవెల్ ఇచ్చిన పద్ధతితో ఈ నష్టాన్ని ముందే లెక్కగట్టవచ్చు గానీ, వైండింగ్ చివర్లలో, కోర్ గ్యాప్ (తీగ చుట్టిన అయస్కాంత దిమ్మెలో వదిలే ఖాళీ) దగ్గర క్షేత్రం వంగిన చోట అది తప్పుతుంది. అక్కడ వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడదీసి కంప్యూటర్ మీద చేసే ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలు, ఆపై స్వయంగా తీసిన కొలతలు కావాలి. మీ అమ్మాయి అడుగుతున్నది ఈ పని.

డేటా సైన్స్ మీద నా అనుమానం దాచను. గణాంకాల్లో పునాది లేకుండా, కొన్ని నెలల కోర్సు సర్టిఫికెట్ పట్టుకొని ఉద్యోగం దొరకక నా ఎదుట కూర్చున్న ఈఈఈ పిల్లలు ఎందరో ఉన్నారు. ఇష్టపడి, లెక్కల బలంతో వెళ్లినవారు నిలదొక్కుకున్నారు. పక్కింటి అబ్బాయి జీతం గురించి రాసిన మీరు, మీ అమ్మాయి ఇష్టం ఎందుకు పుట్టిందో ఒక్క ముక్క రాయలేదు. ఇది నాకు నచ్చలేదు.

ఆమె కోరిన రంగంలో ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని లేవు, నల్లగొండ జిల్లాలో దొరకడం కష్టం. అయితే చార్జర్లు, సోలార్ ఇన్వర్టర్లు తయారుచేసే చోట ఈ లెక్క తెలిసినవారు అవసరం. వరంగల్ ఎన్‌ఐటీలో పవర్ ఎలక్ట్రానిక్స్ ఎంటెక్ ఉంది. గేట్‌తో సీటు వస్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది కనుక భారమంతా మీపై పడదు.

ఈ ఆదివారం షాపులో ఒక మాడిన కాయిల్ ఆమె చేతికిచ్చి, ఏ పొర ముందు నల్లబడిందో, ఎందుకో అడగండి. ఆమె చెప్పడం పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.