రాత్రి రెండింటికి మోగే అలారం

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లె. మా బాబుకి 13 ఏళ్లు, టైప్ వన్ షుగర్. నెల క్రితం చేతికి షుగర్ ఎంతుందో ఎప్పటికప్పుడు చూపే సెన్సర్ పెట్టించాం. రాత్రి రెండింటికి 58 అని అలారం మోగుతుంటే కంగారుపడి లేపి పంచదార నీళ్లు పట్టిస్తున్నా. తెల్లారేసరికి 270! అసలు ఎంత ఉండాలి?

జవాబు: అమ్మా, అలారం మోగినప్పుడు బాబు సెన్సర్ ఉన్న చేతి మీదే పడుకుని ఉంటున్నాడేమో ముందు అది చూడండి. ఆ సెన్సర్ నేరుగా రక్తాన్ని కొలవదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో చక్కెర ఎంతుందో చూస్తుంది, ఒంటి బరువు పడి ఆ చోటు నొక్కుకుపోతే అసలు 100 ఉన్నా 58 అనేస్తుంది. అటు నుంచి ఇటు తిప్పితే కాసేపటికి అదే సర్దుకుంటుంది. అందుకే చెయ్యి కడిగి, వేలు గుచ్చి మీటర్‌లో చూడండి. అక్కడా 70 లోపే ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి పట్టించి, పావుగంటకి మళ్లీ వేలి మీదే చూడాలి, సెన్సర్ కొంచెం వెనకబడి చెబుతుంది కదా. చెమటలు, వణుకు ఉంటే మాత్రం గుచ్చేదాకా కూడా ఆగొద్దు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. (తీపే కదా అని పూతరేకు పెట్టేవాళ్లున్నారు మన దగ్గర. అందులోని నెయ్యి వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది, ఆ టైమ్‌లో అది పనికిరాదు.)

మీటర్‌లోనూ రోజూ తగ్గుతుంటే సాయంత్రం ఆటల వల్లో, రాత్రి ఇన్సులిన్ ఎక్కువయ్యో అవ్వచ్చు. డోసు మీరు మార్చకండి, మీ డాక్టర్‌కి చెప్పండి. 270కి మీ పంచదార నీళ్లే కారణమై ఉండొచ్చు, కానీ ఎదిగే వయసులో తెల్లవారుజామున హార్మోన్ల వల్ల కూడా పెరుగుతుంది.

ఇక ఎంత ఉండాలంటారా, ఒక్క అంకె పట్టుకుని కూర్చోకండి. రోజులో 70 శాతం సమయం, అంటే దాదాపు 17 గంటలు, 70 నుంచి 180 మధ్య ఉంటే చాలు. 70 లోపు మొత్తం మీద గంటకి మించకూడదు, 54 లోపు పావుగంట కూడా ఎక్కువే. అన్నం తిన్నాక కాసేపు 200 దాటిందని పిల్లాడి మీద విసుక్కోకండి, వాడికీ టెన్షనే. ఈసారి వెళ్లినప్పుడు ఫోన్‌లో 14 రోజుల రిపోర్టు తీసి చూపించండి, ఏ రాత్రి మీటర్‌లో ఎంత వచ్చిందో కూడా ఓ కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.