మధుపర్కం: తినేదా, కట్టుకునేదా?

సందేహం: "మేము అమెరికాలోని డల్లాసులో ఉంటాము. మా తెలుగు బడి పిల్లల పత్రిక కోసం పొయ్యి వెలిగించకుండా చేసుకునే వంటకం ఒకటి రాశాను. ‘గ్రీక్ యోగర్ట్‌లో ఫ్రూట్స్, నట్స్, హనీ యాడ్ చేసి డెజర్ట్‌గా సర్వ్ చేయండి’ అని మొదట రాసి, నాకే సిగ్గువేసి తెలుగులో తిరగరాయబోయాను. ‘గ్రీకు పెరుగు’ అనవచ్చునా? వంటకానికి ‘మధుపర్కం’ అని పేరు పెడితే మా అత్తగారు ‘మధుపర్కాలు కట్టుకుంటారు గాని తింటారుటే!’ అని నవ్వారు. ఎవరి మాట ఒప్పు? నట్స్‌కూ డెజర్ట్‌కూ కూడా తెలుగు మాటలు చెప్పగలరు." – ఒక పాఠకురాలు

సమాధానం: మీ అత్తగారు నవ్వినందుకు చిన్నబుచ్చుకోకండి. ఆమెదీ ఒప్పే, మీదీ ఒప్పే. కాకపోతే మీ ఒప్పు ఆమె ఒప్పుకన్న వయసులో బాగా పెద్దది.

సంస్కృతంలో ‘పృచీ’ అనే ధాతువుకు కలపడం, కలియడం అని అర్థం. ‘సంపర్కం’ అని మనం రోజూ వాడే మాటలో ఉన్న ‘పర్కం’ ఆ ధాతువు నుంచి వచ్చినదే. కాబట్టి మధుపర్కమంటే తేనెతో కలిసినది, తేనె కలిపినది అని అర్థం తప్ప, ఆ మాటలో నూలుపోగు ఒక్కటి కూడా లేదు. తేనె దేనితో కలవాలో గృహ్యసూత్రాలు, అంటే ఇంట్లో జరిపే కర్మల పద్ధతి చెప్పే పాత సంస్కృత గ్రంథాలు, విడమరిచి చెప్పాయి. ఆ సూత్రకారులలో ఒకడైన ఆశ్వలాయనుడు ‘దధని మధ్వానీయ’ అన్నాడు, అంటే పెరుగులో తేనె పోసి అని. తేనె దొరకకపోతే నెయ్యి పోసుకోమని వెంటనే ఒక సడలింపు కూడా ఇచ్చాడు. దీనిని ఎవరికి ఇవ్వాలో కూడా ఆయన వరుసగా చెప్పాడు: యజ్ఞం చేయించే ఋత్విక్కుకు, చదువు ముగించుకొని ఇంటికి వచ్చిన స్నాతకునికి, రాజుకు, ఆచార్యునికి, మామగారికి, పినతండ్రికి, మేనమామకు. ఇంటికి వచ్చిన పెద్దమనిషికి కాఫీ ఇచ్చినట్లు ఆ కాలంలో తేనె కలిపిన పెరుగు ఇచ్చేవారన్నమాట. పెండ్లికి వచ్చిన వరుడు కూడా అటువంటి పూజ్యుడైన అతిథే గనుక అతనికీ ఆ మర్యాద దక్కింది.

తెలుగునాట వైదికులలో ఎక్కువమంది ఆపస్తంబ సూత్రులు, అంటే ఆపస్తంబుడనే మరో సూత్రకారుని పద్ధతి పాటించేవారు. ఆపస్తంబుడు చెప్పిన తీరు నాకు మరీ ముచ్చటగా ఉంటుంది. పెరుగు, తేనె ఒక కంచుపాత్రలో కలిపి, దానిమీద అంతకన్న పెద్దదైన మరో కంచుపాత్ర మూతపెట్టి, రెండు దర్భకూర్చలతో (దర్భగడ్డి కట్టలతో) పట్టుకొని, ‘మధుపర్కం’ అని పైకి చెప్పి అందించాలట. అతిథి చేతికి వస్తువు కన్నా ముందు దాని పేరు చెవికి అందాలన్న పట్టింపు చూడండి! అంతటితో ఆగలేదు. కొందరు నెయ్యి చేర్చి మూడు వస్తువులతో చేస్తారని, మరికొందరు వేయించిన ధాన్యము, పేలపిండి కూడా చేర్చి ఐదింటితో చేస్తారని ఆయనే చెప్పాడు. ఐదింటితో చేసిన దానికి పాంక్తమని పేరు. మీ ఊళ్లో పెరుగు మీద చల్లుకోవడానికి వేయించిన ఓట్స్ ధాన్యాన్ని గ్రానోలా అనే పేరుతో సంచులలో అమ్ముతారు కదా. ఆపస్తంబుడు ఆ సంచిని చూస్తే కొత్తగా కనుగొన్నదేముంది అని అడిగి ఉండేవాడు.

ఇక తినేది కట్టుకునేదిగా ఎట్లా మారిందంటే, ఆ మర్యాద జరిగే సమయంలోనే వరునికి కొత్తబట్టలు కూడా పెడతారు. ‘మధుపర్కం వేళ ఇచ్చే బట్టలు’ అని సాగదీసే ఓపిక లోకానికి ఉండదు గనుక, బట్టలను రాల్చి పేరును మాత్రం మిగుల్చుకొన్నారని నా ఊహ. ఇటువంటి మార్పు మనకు కొత్త కాదు. ‘తద్దినం’ అంటే ‘ఆ రోజు’ అని మాత్రమే అర్థం. ఏ రోజు, ఎవరి రోజు అని అడిగే అవసరం లేనంతగా అది ఆబ్దికానికి పేరైపోయింది. పెండ్లిలో తలమీద పడే అక్షతలు అక్షింతలై, ఆఫీసులో పైఅధికారి వేసే చీవాట్లకు కూడా పనికివస్తున్నాయి. మధుపర్కమూ ఆ దారిలోనే నడిచి, అంచు పంచెలకూ తెల్లచీరకూ పేరై, చివరకు దుకాణం బల్లమీద కొలువుతీరింది. పెండ్లిపీటల మీద పురోహితుడు పోసే రెండు తేనెపెరుగు చుక్కలను ఫొటోల సందడిలో ఎవరూ గమనించరు. ‘అదేమిటి’ అని పక్కవారిని అడిగేవారిని నేను చూశాను. పక్కవారు ‘పంచామృతం’ అని చెప్పడం కూడా విన్నాను. పంచామృతం వేరు. అందులో పాలూ పంచదారా కూడా ఉంటాయి, అది దేవుని అభిషేకానికి సంబంధించినది.

ఇక్కడ ఒక చిన్న తేడా నాకు ఆసరాగా దొరికింది. బట్టలను చెప్పేటప్పుడు తెలుగువాడు దాదాపు ఎప్పుడూ బహువచనమే వాడతాడు: మధుపర్కాలు కట్టుకున్నారు, మధుపర్కాలు కొన్నారు. తేనెపెరుగును చెప్పే పురోహితుడు ఏకవచనంలో మధుపర్కం అంటాడు. కాబట్టి మీ వంటకానికి ఏకవచనంలో ఆ పేరు పెట్టుకుంటే వ్యాకరణమూ అడ్డుకోదు, మీ అత్తగారి బీరువాకూ భంగం రాదు. అయితే పండ్లు వేసిన తరువాత కూడా అది మధుపర్కమేనా అని గృహ్యసూత్రాలు తెలిసినవారు ఎవరైనా నిలదీస్తే నేను మీ పక్షాన గట్టిగా వాదించలేను. సూత్రాలలో పేలపిండి ఉన్నది గాని అరటిపండు లేదు.

పెరుగులో పండు కలపడం మాత్రం మనకు పరాయి సంగతి కాదు. చలిది కుడుస్తున్న కృష్ణుణ్ణి సంస్కృత భాగవతం ‘వామే పాణౌ మసృణకవలం తత్ఫలాన్యంగుళీషు’ అని చూపింది: ఎడమచేతిలో మెత్తని ముద్ద, వేళ్ల సందున పండ్లు. పోతన చేతికి వచ్చేసరికి ఆ మెత్తని ముద్ద ‘మీఁగడపెరుగుతో మేళవించిన చల్దిముద్ద’ అయింది, వేళ్ల సందులలోని ఫలాలు కాస్తా ‘చెలరేగి కొసరి తెచ్చిన యూరుఁగాయలు’ అయ్యాయి! పండును ఊరగాయగా మార్చడానికి ఆయన ఎవరి అనుమతీ అడగలేదు. తెలుగు నాలుకకు పెరుగుతో ఏది కావాలో ఆయనకు తెలుసు. ‘మసృణ’ అన్న ఒక్క విశేషణంలో ఉన్న మెత్తదనాన్ని మీగడపెరుగుగా పేరు పెట్టి చూపించినవాడు మరొకడు లేడు. ఆ పాదాన్ని పైకి చదివితే మకారాలు వరుసగా తగిలి పెదవులు మాటిమాటికీ కలుసుకుంటాయి; ముద్ద నమిలినట్లే ఉంటుంది. మీరు పోతనను పక్కనపెట్టి మూలశ్లోకం వైపు వెళ్లారని అనుకోండి, అంతే.

ఇప్పుడు గ్రీకు పెరుగు. తెలుగులో ‘పేరు’ అని ఒక క్రియ ఉన్నది, దానికి గడ్డకట్టు అని అర్థం. చలికాలంలో ‘పేరిన నెయ్యి’ అనేవారు ఇంకా ఉన్నారు. పాలు పేరితే పెరుగు అయిందని, వృద్ధి చెందడం అనే అర్థంలోని ‘పెరుగు’తో దీనికి చుట్టరికం లేదని నా మొగ్గు. విచిత్రమేమిటంటే ‘యోగర్ట్’ కూడా గ్రీకు మాట కాదు, తుర్కీ మాట. దానిలోని ధాతువుకు కూడా చిక్కబడడం అనే అర్థం. గ్రీసు దేశంలో మీరు చెప్పే చిక్కని పెరుగును అడగాలంటే ‘స్ట్రాంగిస్టో’ అంటారు, అంటే వడగట్టినది అని. సొంత ఊళ్లో దానికి దేశం పేరు అక్కరలేదు, చేసే పని పేరు చాలు. ఇంగ్లండులో మాత్రం ఈ పేరు మీద వ్యాజ్యమే నడిచింది. అమెరికాలో తయారైన పెరుగును ‘గ్రీకు’ అని అమ్మరాదని 2014లో అక్కడి అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. మనకు అంత పట్టింపు లేదు. బొంబాయి రవ్వ బొంబాయి నుంచి రానక్కరలేదు, బెంగుళూరు వంకాయ పుట్టింది బెంగుళూరులోనూ కాదు, వంకాయా కాదు. ఆ లెక్కన గ్రీకు పెరుగు అనడంలో తప్పులేదు. కాని ‘వడగట్టిన పెరుగు’ అంటే చదివిన పిల్లవాడికి పేరుతోపాటు పద్ధతి కూడా తెలుస్తుంది. గడ్డపెరుగు అని మాత్రం రాయకండి. గడ్డపెరుగులో తేట లోపలే ఉంటుంది, దీనిలో తేట తీసివేస్తాము.

మీ ఉత్తరం వచ్చిన రోజు మా ఇంట్లో అరలీటరు పెరుగును ఉతికిన పాత పంచె ముక్కలో మూటగట్టి, కింద గిన్నె పెట్టి, వంటింటి కొక్కేనికి వేలాడదీశారు. నాలుగు గంటలు గడిచేసరికి మూట దాదాపు సగమైంది, గిన్నెలో పచ్చని తేట నిలిచింది. అమరకోశమనే సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుడు దానిని మస్తు అన్నాడు. మా ఇంట్లో దానితో పిండి తడిపారు. అమరంలోనే ‘రసాలా’ అని తీపి కలిపిన పెరుగుకు పేరున్నది. భీముడు వండితే మధుసూదనుడు రుచిచూశాడని వైద్యులు చెప్పుకొన్నది దానినే. రసాలమంటే మామిడి గనుక, మామిడిముక్కలు వేస్తే రసాలలో రసాలం అవుతుంది. ఇది మీ పిల్లలకు పొడుపుకథగా పనికిరావచ్చు.

నట్స్‌ను ‘ఎండుఫలాలు’ అనడం ఈమధ్య పాకిన జబ్బు. ఖర్జూరం, కిస్‌మిస్ ఎండుఫలాలే, జీడిపప్పు కాదు. లోపలి గింజను మనం పప్పు అంటాము: బాదంపప్పు, పిస్తాపప్పు, సారపప్పు. వాటిని విరిచి వేస్తే పలుకులు. మాటకూ జీడిపప్పు ముక్కకూ ఒకే పేరున్న భాష మనది, దానిని పోగొట్టుకోకండి. డెజర్ట్ అనేది బల్లమీది పళ్లాలు తీసివేశాక వచ్చేదని అర్థమిచ్చే ఫ్రెంచి మాట. మన విస్తరిలో తీపి ముందో నడుమనో పడుతుంది, చివర వచ్చేది పెరుగు. ఆ స్థానానికి మనకు వేరే పేరు ఎప్పుడూ అవసరపడలేదు. ‘చివర తినే తీపి’ అని రాసి ఊరుకోండి.

‘యాడ్ చేసి’ అన్నందుకు మాత్రం మిమ్మల్ని కాస్త కోప్పడవలసి ఉన్నది. వడగట్టిన పెరుగును గిలకొడతాము, పండ్లముక్కలు పేరుస్తాము, పలుకులు చల్లుతాము, తేనె ధారగా పోస్తాము. నాలుగు చేతిపనులకు నాలుగు క్రియలున్నప్పుడు అన్నింటినీ ఒక్క ‘యాడ్’లో ముంచితే, చదివినవారు తేనెను కూడా గరిటెతో కలిపేస్తారు. తేనె కలపకూడదు, పైన పోయాలి. తొలి చెంచాకు తీపి తగలాలి.

మధుపర్కమని పెట్టడానికి మీకు ఇంకా జంకుగా ఉంటే ‘తేనెపెరుగు’ అనండి. తేనెయు పెరుగును అని ద్వంద్వం చేస్తే పరుషానికి గసడదవాదేశం వచ్చి, అంటే ‘ప’ కాస్తా ‘వ’గా మారి, ‘తేనెవెరుగులు’ కావాలని పండితులు అభ్యంతరం చెప్పవచ్చు. తేనెతో కూడిన పెరుగు అని తత్పురుషం చెప్పి తప్పించుకోండి. రెండు మాటలనూ కలిపి అచ్చువేయించడం మాత్రం మరచిపోకండి. విడగొట్టి ‘తేనె పెరుగును గిన్నెలో’ అని వేశారంటే, గిన్నెలో తేనె దానంతట అదే పెరుగుతుందని చదువుకొని పిల్లలు మూత తీసి చూస్తూ కూర్చుంటారు.