ఆడవాళ్లకి ఆస్తిహక్కు తెచ్చింది చట్టాలా, కోర్టులా? మా ఇంట్లో అయితే కొనేవాడి లాయరు

ఆడవాళ్ల ఆస్తిహక్కుకి ఎక్కువ మేలు చేసింది చట్టసభలా, కోర్టు తీర్పులా అని అడిగారు. రెండూ కాదంటాను. మా నరసన్నపేట వైపు ఆ పని చేసింది రోడ్డు పక్క స్థలాలు కొనడానికి వచ్చేవాళ్ల లాయర్లు. నవ్వుకోండి, పర్లేదు.

మేం ముగ్గురం. అప్ప (మా వైపు అక్కని అలాగే అంటాం), నేను, తమ్ముడు. అప్ప పెళ్లి 1985 మే నెలలో అయింది, నాది 1988లో. ఈ మధ్యలో ఎన్టీ రామారావు ప్రభుత్వం కూతురికీ కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే వాటా ఉంటుందని చట్టం చేసింది. అలా ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే, ఆ గొప్ప ఒప్పుకోవాల్సిందే. చట్టం 1986లో వచ్చినా 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలన్నారు, ఆ తేదీకి ముందే పెళ్లయిపోయినవాళ్లకి లేదన్నారు. అంటే నాలుగు నెలల్లో అప్ప గీతకి అవతల పడింది, నేను ఇవతల ఉండిపోయాను. ముహూర్తం పెట్టిన పంతులుగారికి ఈ సంగతేం తెలుసు!

నాన్న 1999లో పోయారు. అమ్మ అంతకుముందే పోయింది. అప్పటి చట్టం ప్రకారం పొలాన్ని తొమ్మిది వాటాలేస్తే తమ్ముడికి నాలుగు, నాకు నాలుగు, అప్పకి ఒకటి. ఆ ఒక్కటీ 1956 నాటి వారసత్వ చట్టం పుణ్యాన నాన్న వాటాలోంచి రావాల్సింది. ఇప్పుడింత గడగడా చెప్తున్నాను గానీ, అప్పుడు మా ఊళ్లో ఈ లెక్క చెప్పిన మనిషి ఒక్కరూ లేరు. పొలం తమ్ముడు చేసుకునేవాడు. మాకు పండక్కి చీరలు పెట్టేవాడు. ఎవరైనా వాటా మాటెత్తితే "కట్నం ఇచ్చినాం కదా" అనేవారు. కట్నం 1961 నుంచీ నేరం. చేసిన నేరాన్నే చూపించి బాకీ తీరిపోయిందనడం మన దగ్గరే చెల్లుతుంది.

2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్రం చట్టం మార్చి ఆ పాత గీత చెరిపేసింది. ఆ రోజుకి తండ్రి బతికుంటేనే కూతురికి హక్కని 2015లో సుప్రీంకోర్టు అంది. 2018లో ఇంకో బెంచి ఇంకోలా చెప్పింది. చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీలు కూర్చుని, తండ్రి ఎప్పుడు పోయినా కూతురి హక్కు పుట్టుకతో వచ్చిందేనని తేల్చారు. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలు మాత్రం కదపకూడదన్నారు. మాది పంచుకున్నదీ లేదు, రిజిస్టరు చేసుకున్నదీ లేదు. అంటే అప్పకీ మాతో సమానంగా మూడో వంతు.

తీర్పు వచ్చిందని తమ్ముడు మాకు ఫోను చేశాడనుకుంటున్నారా? మర్నాడు కూడా ఎప్పట్లాగే పొలానికెళ్లి ఉంటాడు. ఏడాది తర్వాత రోడ్డు పక్క ముక్క బేరానికొచ్చింది. కొనేవాళ్ల లాయరు కాగితాలన్నీ తిరగేసి, పెద్దమ్మాయి సంతకం లేనిదే మా పార్టీ అడ్వాన్సు ఇవ్వరన్నాడు. "మా పెద్దప్పకేటి హక్కు సార్, ఎనభై అయిదులోనే పెళ్లయిపోనాది" అన్నాడు తమ్ముడు. అది పాత మాట అన్నాడాయన. అంతే, పలాసలో ఉన్న అప్ప కోసం కారు వెళ్లింది. అన్నేళ్లలో ఆ ఇంటి గుమ్మం ముందు పుట్టింటి కారు ఆగడం అదే మొదటిసారి!

రిజిస్ట్రారాఫీసు బయట రేకుల షెడ్డులో దస్తావేజు రాసే ఆయన కాగితం ముందే టైపు చేసి ఉంచాడు. ఆ భాష ఎప్పటికి మారుతుందో గానీ, "నాకు రావలసినది యావత్తూ నా వివాహ కాలమందే ముట్టియున్నందున" అని చదువుకుంటూ పోతున్నాడు. అప్ప చెయ్యెత్తింది.

"ఆగు బావు. ముట్టిందని నీకు ఎవులు సెప్పినారు?"

"అందరికీ ఇలాగే రాస్తామమ్మా."

"అందరికీ రాసుకో. నాకు ముట్టనేదు. ఆ ముక్క కొట్టీ."

తమ్ముడు నా వైపు చూశాడు. నేను కొనేవాళ్ల లాయరు వైపు చూశాను. ఆయన గడియారం చూసుకుంటున్నాడు. ఆయనకి మా న్యాయంతో పనిలేదు, రేపు ఎవరూ కేసు వెయ్యకుండా ఉంటే చాలు. ఆ భయమే అప్పకి పనికొచ్చింది. టీ కొట్టు దగ్గర గంటసేపు గొడవయ్యాక, మూడో వంతు డబ్బు చెక్కు రూపంలో ఇస్తున్నట్టు కాగితంలోకి ఎక్కింది. నాకూ మూడో వంతే. తొమ్మిదిలో నాలుగున్నదాన్ని మూడుకి దిగాను. ఈ తీర్పు వల్ల నష్టపోయిన ఆడదాన్ని చూడాలనుకుంటే నన్ను చూసుకోండి.

లోపల ఇంకో తంతు. అప్ప పెళ్లయిన దగ్గర్నుంచీ జీడి పిక్కలు ఒలిచింది. ఆ సొనకి వేళ్ల మీద గీతలు చెరిగిపోయాయి. మెషీను బొటనవేలు తీసుకోదు, చూపుడువేలు తీసుకోదు. తుడుచుకో అమ్మా, గట్టిగా నొక్కు అమ్మా అని విసుక్కోవడమే. ఎడమ చిటికెనవేలు పట్టేసరికి వెనక లైను గుమ్మం దాటింది. పలాస, కాశీబుగ్గల్లో ఇలాంటి చేతులు ఎన్నున్నాయో ఆ మెషీన్లు కొన్నవాళ్లకి తెలియదా?

అందుకే అంటున్నాను, చట్టం కాగితం మీద హక్కు రాసింది, కోర్టు దాని అర్థం తేల్చింది, కానీ తమ్ముడి చేత కారు పంపించింది కొనేవాడి భయం. కొనేవాడు రాని లోపలి పొలాల్లో చూడండి, ఈ రోజుకీ అన్నదమ్ముల పేరు మీదే నడుస్తున్నాయి.

ఇంకా పైకి, సీతంపేట కొండల్లోకి వెళ్తే అదీ లేదు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకి వర్తించదని అందులోనే రాసి ఉంది. గిరిజన ప్రాంతాల భూముల కోసం తెచ్చిన 1/70 చట్టం వల్ల గిరిజనులు కాని బయటివాళ్లు అక్కడ భూమి కొనకూడదు. అది మంచి చట్టమే, దాన్ని ముట్టుకోమని నేననను. కానీ అక్కడి సవర, జాతాపు ఆడపిల్లకి వాటా ఇవ్వమని 2005 చట్టమూ చెప్పదు, నీ సంతకం కావాలని ఏ లాయరూ కారు పంపించడు. మీ ప్రశ్నకి జవాబు ఇక్కడ నా దగ్గర కాదు, అక్కడ అడగాల్సింది.